పెరడంతా పిచ్చి మొక్కలేనా? రోహిణిలోనే పార పట్టండి

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అంతకు ముందు ఆ చుట్టుపక్కల రాతి గుండ్లు, చెల్కలు, కుంటలు తప్ప వేరే ఏమున్నాయో అక్కడి పెద్దలనడిగితే చెబుతారు. ఈ పాతికేళ్లలో కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా ఆ మేడలు కోకాపేట దాకా పాకాయి. 2023 ఆగస్టులో కోకాపేటలో జరిగిన వేలంలో ఒక ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. లెక్క కడితే గుంటకు రెండున్నర కోట్లు. ఆ దారిలోనే గోపన్‌పల్లి, నల్లగండ్ల, వట్టినాగులపల్లి లాంటి ఊళ్లలో పాత ఇళ్ల వెనుక ఒకటి రెండు గుంటల దొడ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. చూడబోతే వాటిలో నడుమెత్తు వయ్యారిభామ, మూలకు సర్కారు తుమ్మ, కింద తుంగ. ఇంట్లో వాళ్లు మాత్రం సంచి పట్టుకుని కూరగాయలకు బయలుదేరుతున్నారు.

పొలం కొంత పోయి, ఉన్న ఎకరం అరెకరం వానల మీద ఆధారపడ్డ చిన్న రైతుకు ఈ దొడ్డి చిన్న ఆస్తి కాదు. గుంట అంటే 121 చదరపు గజాలు. సరిగ్గా చూసుకుంటే నలుగురున్న ఇంటికి ఆకుకూరలు, తీగ కూరలు, మిరప, కరివేపాకు చాలావరకు అందులోనే వెళ్లిపోతాయి. ఎకరాలు దున్నిన మీకు గుంట నేల గురించి వేరే చెప్పాలా అనుకోవచ్చు. చెప్పాలి. పొలంలో నాగలి తిరుగుతుంది, గుంటక తిరుగుతుంది. దొడ్లో ఏదీ తిరగదు, అంతా చేతి పనే. పైగా ఇప్పుడు ఆ పని మీద పడేది చాలా ఇళ్లలో పార పట్టి ఎరగని కొడుకులు, కోడళ్ల మీద. ఈ పాఠం ముఖ్యంగా వాళ్ల కోసం.

ముందు ప్రాణం, తర్వాతే పని

ఏళ్ల తరబడి పెరిగిన దొడ్లో మొదటి భయం పాములు. మన దగ్గర నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగూ ఉన్నాయి. ఎలుకలున్న చోటికి, ఇటుకలూ కట్టెలూ పోసి వదిలేసిన చోటికి ఇవి చేరతాయి. అందుకని పని పొద్దెక్కాక మొదలుపెట్టి పొద్దు గూకక ముందే ఆపాలి. మోకాళ్ల దాకా వచ్చే గమ్ బూట్లు, మందపాటి చేతి తొడుగులు లేకుండా దిగవద్దు. ఇంటి గోడ దగ్గర నుంచి బయటికి నరుక్కుంటూ పోవాలి. అవతలి గెట్టు నుంచి ఇంటి వైపు వస్తే దాగి ఉన్నదంతా మీ గడపలోకే వస్తుంది. పొడవాటి కర్రతో ముందు కదిలించి, తర్వాత కొడవలి వెయ్యండి. మొదటి రోజు మోకాలెత్తు వరకే కోసి వదిలేస్తే, మరునాటికి లోపల ఏముందో కంటికి కనిపిస్తుంది. రాళ్ల కుప్పను చివరికి ఉంచుకోండి. దాన్ని చేత్తో కాదు, గడ్డపారతో కదపాలి.

పాము కనిపిస్తే చంపడానికి పోవద్దు. ఆ ప్రయత్నంలో కాటు పడే ప్రమాదం ఉంది. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు వచ్చి పట్టి తీసుకుపోతారు. ఒకవేళ కాటు పడితే కట్టు బిగించటం, కోయటం, నోటితో పీల్చటం, మంత్రం వేయించటం ఏవీ వద్దు. మనిషిని కదలనివ్వకుండా 108 పిలిచి, విరుగుడు మందు ఉండే ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. కట్లపాము కాటు గాటు కూడా కనిపించకపోవచ్చు. నొప్పి లేదు కదా అని ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొక మాట. పాత దొడ్లలో గడ్డి కింద మూత లేని బావి, పగిలిన సెప్టిక్ ట్యాంకు పలక, తెగిన కరెంటు తీగ ఉండటం మామూలే. పెద్దవాళ్లనడిగి ఎక్కడెక్కడ ఏమున్నాయో ముందు తెలుసుకోండి. అక్కడ ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతండి.

నేలకు ఏం పట్టిందో చూడండి

కోత అయిపోగానే విత్తనాలు కొనటానికి పరుగెత్తవద్దు. ఈ ప్రాంతం నేలలు చాలావరకు ఎర్ర చెల్కలు, ఇసుక పాలు ఎక్కువ. రెండు మూడడుగుల కింద రాయి తగిలే చోట్లు కూడా ఉంటాయి. నీరు తొందరగా ఇంకిపోతుంది, సత్తువ నిలవదు. దానికి తోడు ఇప్పుడు పక్కన మేడ కట్టినప్పుడల్లా మిగిలిన కాంక్రీటు, సున్నం, టైల్స్ ముక్కలు, ఇంత మొరం ఎవరి దొడ్లో ఖాళీ కనిపిస్తే అందులో పడుతున్నాయి. నాలుగైదు చోట్ల అడుగు లోతు గుంత తవ్వి చూడండి. మట్టికి బదులు సిమెంటు పెళ్లలే వస్తుంటే ఆ చోట కూర పండదు. ఏరి పారేసి కొత్త మట్టి పోయాలి. లేదా ఆ మేరకు పశువుల కొట్టానికో, కోళ్ల గూటికో వదిలేయాలి. మీ గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి రాత్రి వదిలేయండి. తెల్లారేసరికి ఇంకకపోతే కింద మట్టి తొక్కుడు పడి గట్టిపడిందన్నమాట. అక్కడ గడ్డపారతో లోతుగా వదులు చేసుకోవాలి, మడులు ఎత్తుగా కట్టాలి.

మట్టి పరీక్షకు ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు వరకు మట్టి తీసి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ చివరికి అర కిలో మిగుల్చుకోండి. నీడలో ఆరబెట్టి మీ వ్యవసాయ విస్తరణ అధికారికి అందిస్తే ఎక్కడికి పంపాలో చెబుతారు. సిమెంటు, సున్నం పడ్డ చోట మట్టిలో క్షార గుణం పెరుగుతుంది. ఆకులు పాలిపోతుంటే యూరియా వేసి లాభం లేదు. అందుకే పరీక్ష అంటున్నాం.

శత్రువును పేరు పెట్టి పిలవాలి

కలుపు అంతా ఒకటే అనుకుని అన్నింటినీ ఒకే తీరున పీకటం వల్లే ఏటా అదే పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

వయ్యారిభామ విత్తనంతో బతుకుతుంది. మన దేశంలో 1955 ప్రాంతంలో పుణెలో దీన్ని గుర్తించారు. ఒక్క మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది. తేమ ఉంటే ఏడాది పొడుగునా మొలుస్తుంది, నెల నెలన్నరలో పూతకు వస్తుంది. దాని పుప్పొడి తగిలి దురదలు, ఆయాసం వచ్చే వాళ్లు ఉన్నారు. పాడి పశువు మేస్తే పాలు చేదెక్కుతాయి. దీనికి కిటుకు ఒక్కటే: వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, తెల్ల పూత కనిపించకముందే, తొడుగు వేసుకుని వేరుతో పీకటం. పూత రానిదాన్ని కంపోస్టు గుంతలో వేయవచ్చు. పూత వచ్చిందాన్ని వేస్తే ఎరువుతో పాటు విత్తనాన్ని మీరే దొడ్డంతా చల్లినట్టు. వానాకాలంలో దీని ఆకుల మీద తెలుపు పసుపు మధ్య రంగులో నల్ల చారలున్న చిన్న పెంకు పురుగులు కనిపిస్తే చంపకండి. అవి మెక్సికో పెంకు పురుగులు. 1984లో బెంగళూరులో వీటిని వదిలింది ఈ మొక్కను తినటానికే. కొందరు ఉప్పు నీళ్లు కొట్టమంటారు. రోడ్డు పక్కన చెల్లుతుందేమో గానీ, రేపు తోటకూర వేయబోయే నేలలో ఉప్పు పోసుకుంటామా?

తుంగ సంగతి వేరు. దాని ప్రాణం గడ్డలో ఉంది. చాలా గడ్డలు పైన ఆరంగుళాల లోపే ఉంటాయి. రోటవేటర్ కొట్టించారా, గొలుసుకట్టు గడ్డలన్నీ తెగి ఒక్కొక్కటీ ఒక మొక్కవుతుంది. పది రూపాయలు ఖర్చు పెట్టి వంద రూపాయల కలుపు కొన్నట్టే. రోహిణి ఎండల్లో పారతో తిరగతవ్వి గడ్డలను ఎండకు పడెయ్యండి, దొరికినన్ని ఏరెయ్యండి. మిగిలినవి తొలకరికి మొలుస్తాయి. మొలిచిన ప్రతిసారీ, పది పన్నెండు రోజులకొకసారి, కొయ్యాలి. ఆకు పెరిగి గడ్డకు తిండి పంపకముందే కోస్తూ పోతే గడ్డ లోపలున్నది ఖర్చయి నీరసిస్తుంది. తుంగకు నీడ గిట్టదు. అందుకే దాని మీద జనుము, గుమ్మడి, చిలగడ దుంప కమ్ముకునేట్టు పెంచాలి. ఒక్క కారులో పోతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి. రెండేళ్ల పని ఇది.

గరికను వాన పడ్డ మరునాడు ముళ్ల పారతో లేపి, తీగలన్నీ బండ మీద ఎండబెట్టండి. మేకలున్న ఇల్లయితే అదీ అక్కర్లేదు.

సర్కారు తుమ్మ, సుబాబుల్ నేలకు సమంగా నరికితే రెండింతల కొమ్మలతో లేస్తాయి. మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి, మొగ్గలుండే ముడి భాగం మొత్తం వచ్చేట్టు తియ్యాలి. తుమ్మ కాయలు మేకలు, గొర్రెలు తింటే విత్తనం చెడకుండా పెంటలో వస్తుంది. కాబట్టి మేక పెంటను పచ్చిగా మడుల్లో వెయ్యవద్దు, బాగా మాగిన తర్వాతే. వేప, కానుగ, మునగ, సీతాఫలం దొడ్లో ఉంటే వాటి జోలికి పోకండి. ఎండాకాలం వాటి విలువ తెలుస్తుంది.

పీకకూడనివీ ఉన్నాయి. గంగవాయిలు, పొన్నగంటి, చెంచలి కూర అడక్కుండా వచ్చిన ఆకుకూరలు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు సాగు చేయని ఇలాంటి కూరల విలువను ఎన్నో ఏళ్లుగా చాటిచెబుతున్నారు. గెట్టు వెంట నాలుగు గునుగు మొక్కలు, ఒక తంగేడు వదిలితే బతుకమ్మకు పూలు కొనే పని ఉండదు. అయితే ఒక హద్దు పెట్టుకోవాలి. ఇంట్లో పెద్దామె చూసి, ఇది ఫలానా కూర అని చెప్పందే ఏ ఆకూ పొయ్యి ఎక్కకూడదు. ఉమ్మెత్త లాంటి విషపు మొక్కలు కూడా అదే దొడ్లో మొలుస్తాయి. మురుగు కాల్వ పక్కన, చెత్త కాల్చిన చోట మొలిచిన కూర మంచిదైనా తినకూడదు.

మందు కొడితే పోలా?

ఇది అందరూ అడిగేదే. కలుపు మందుల్లో ఎక్కువగా వాడిన గ్లైఫోసేట్‌ను లైసెన్సున్న చీడల నివారణ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. చట్టం మాట అలా ఉంచండి. గుంట నేలలో పిల్లలు ఆడతారు, కోళ్లు తిరుగుతాయి, గోడ అవతల మరొకరి బోరు ఉంటుంది. మందు కొట్టినా మట్టిలో నిద్రపోతున్న విత్తనం చావదు, వానకు మళ్లీ మొలుస్తుంది. ఇంత చిన్న నేలకు మందు అవసరం లేదు.

తగలబెట్టటమూ వద్దు. చెత్తను బహిరంగంగా కాల్చితే 5 వేల రూపాయల జరిమానా విధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లో ఆదేశించింది. జరిమానా కంటే, కాలిపోయేది మీ దొడ్డికి రావాల్సిన ఎరువు అన్నది పెద్ద నష్టం. నరికిన మెత్తటి చెత్తనంతా ఒక మూల పొరలు పొరలుగా పేర్చి, పొర పొరకూ పేడ నీళ్లు చల్లి, పైన మట్టితో మెత్తండి. మూడు నాలుగు నెలల్లో మాగుతుంది.

అంతా ఒకేసారి వద్దు

కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. గుంటంతా తవ్వి, గుంటంతా విత్తి, శ్రావణం వచ్చేసరికి గుంటంతా కలుపుకు అప్పగిస్తారు. మొదటి ఏడు పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మడులు రెండు చాలు. నాలుగడుగులు ఎందుకంటే అటు నుంచీ ఇటు నుంచీ చెయ్యి అందుతుంది, మడిలో కాలు పెట్టే పని ఉండదు. మధ్య ఒకటిన్నర అడుగు దారి వదలండి. మిగతా నేలను మూడు తీరుల్లో కమ్మి ఉంచవచ్చు.

మొదటిది అట్టపెట్టెలు. ఈ ప్రాంతంలో అపార్టుమెంట్ల ముందు రోజూ అట్టపెట్టెల గుట్టలు పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. టేపు, ప్లాస్టిక్ కాగితం పీకేసి, కోసిన గడ్డి మీద అట్టల అంచులు అరడుగు ఒకదాని మీద ఒకటి ఎక్కేట్టు పరిచి తడపాలి. పైన నాలుగంగుళాలు ఎండాకు పోయాలి. వెలుతురు లేక మామూలు గడ్డి చచ్చిపోతుంది, అట్ట మెల్లగా మట్టిలో కలిసిపోతుంది. తుంగ మాత్రం అట్టను పొడుచుకుని వస్తుంది, అక్కడ కొయ్యటమే మార్గం. చెదలు ఎక్కువున్న ఎర్ర నేలల్లో అట్టలను ఇంటి తలుపులకూ, కట్టె దూలాలకూ దూరంగా పరవండి.

రెండవది జనుము. గుంటకు అర కిలో విత్తనం ఒత్తుగా చల్లితే కలుపుకు వెలుతురు అందనివ్వదు. 40, 45 రోజులకు పూత వస్తుండగా కోసి, ముక్కలు చేసి మట్టిలో కలిపి, తేమ ఉండేట్టు చూస్తే రెండు వారాల్లో మురుగుతుంది. పిల్లిపెసర, అలసంద కూడా పనికివస్తాయి. అలసంద అయితే కాయ కోసుకోవచ్చన్న ఆశ ఉంటుంది, కానీ మొదటి ఏడు నేల కోసం వేస్తున్నామని గుర్తుంచుకుంటే జనుమే మేలు.

మూడవది ఎండాకాలంలోనే చేయాల్సిన పని. నారుమడి వేసే చిన్న చోటును ఏప్రిల్, మే నెలల్లో బాగా తడిపి, 25 మైక్రాన్ల పారదర్శక పాలిథిన్ కాగితం పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. లోపలి వేడికి పై పొరలో ఉన్న కలుపు విత్తనాలు, తెగుళ్లు చాలావరకు చస్తాయి. దొడ్డంతా చేయాలంటే ఖర్చు. నారుకు మాత్రం తప్పకుండా చెయ్యండి.

కార్తెల వారీగా

రోహిణిలో నరకటం, తవ్వటం, తుంగ గడ్డలు ఎండబెట్టటం అయిపోవాలి. మృగశిర వానకు మడుల్లో కలుపు పచ్చగా మొలుస్తుంది. కంగారు పడకండి, అదే మనకు కావలసింది. మొలకలు రెండాకుల మీద ఉండగా తొలికతో అంగుళం లోతు మించకుండా పైపైన చెక్కెయ్యండి. లోతుగా తవ్వితే కింద నిద్రపోతున్న విత్తనాన్ని పైకి తెచ్చి మొలిపించినట్టవుతుంది. వారం పది రోజులు ఆగి మళ్లీ మొలిస్తే మళ్లీ చెక్కాలి. ఇలా రెండు సార్లు చేసిన మడిలో సగం కలుపు విత్తకముందే పోయినట్టు. ఇది ఓపిక పని. కొత్తవాళ్లకు దీనికి మించిన ఉపాయం మాత్రం లేదు.

ఆరుద్రలో మడికి రెండు తట్టల మాగిన ఎరువు కలిపి విత్తుకోండి. ఒక మడిలో తోటకూర, పుంటికూర. తోటకూర మూడు నాలుగు వారాల్లో చేతికి వస్తుంది, చేసే వాళ్లకు ఉత్సాహం వస్తుంది. రెండో మడిలో బెండ, గోకరకాయ వరుసల్లో విత్తండి. వరుసల్లో అని ఎందుకు చెబుతున్నామంటే, చల్లితే ఏది మొక్కో ఏది కలుపో కొత్తవాళ్లకు తెలియదు. వరుస తప్పి మొలిచిందల్లా పీకేయవచ్చు. గోడ వెంట రెండు గుంతలు చేసి ఒకదాంట్లో బీర, ఒకదాంట్లో ఆనిగపు గింజలు పెట్టి పందిరికి ఎక్కించండి. మిగతా నేలలో జనుము చల్లటానికీ ఇదే అదను.

విత్తిన తర్వాత మొదటి నెల నెలా పది రోజులే గట్టి కాలం. వారానికి రెండు సార్లు పావుగంట కూర్చుంటే చాలు. పది రోజులు ఊరెళ్లి వస్తే మాత్రం పావుగంట పని రెండు రోజుల పనవుతుంది. ఆఫీసుల్లో షిఫ్టు పనులకు, సెక్యూరిటీ పనులకు పోయే పిల్లలున్న ఇంట్లో ఈ పావుగంట ఎవరిదో ముందే తేల్చుకోండి. పీకిన కలుపు పూత మీద లేకుంటే అక్కడే మొక్కల మధ్య పరిచెయ్యండి, తేమ ఆరదు. కొబ్బరి బొండాల బండ్ల దగ్గర పడేసే పీచు కూడా ఇలా పరచటానికి బాగుంటుంది.

ఆగస్టు 16 నుంచి 22 వరకు దేశమంతా వయ్యారిభామ నివారణ వారం జరుపుతారు. ఆ వారం వాడంతా కలిసి పక్కనున్న ఖాళీ ప్లాట్లలో కూడా పీకండి. మీ దొడ్డి ఎంత శుభ్రంగా ఉన్నా, గోడ అవతల పూత ఉంటే గాలికి, నీటికి విత్తనం మీ మడిలోకే వస్తుంది. ఖాళీ ప్లాటు శుభ్రం చేసి ఆకుకూరలు వేసుకుందామనుకునే వాళ్లు యజమాని దగ్గర కాగితం మీద అనుమతి రాయించుకోండి. రెండు నెలల్లో చేతికి వచ్చే పంటలే వేయండి. మునగ, బొప్పాయి అక్కడ పెట్టవద్దు, ఎప్పుడు పునాది తవ్వుతారో తెలియదు.

నీటి మాట. వంద చదరపు గజాల ఇంటి కప్పు మీద ఒక సెంటీమీటరు వాన పడితే ఏడెనిమిది వందల లీటర్లు వస్తాయి. ఆ నీటిని గోడ బయటికి వదలకుండా దొడ్లో గుంతలోకి మళ్లించండి. బట్టలు, గిన్నెలు కడిగిన నీళ్లు అరటికి, బొప్పాయికి పెట్టవచ్చు. ఆకుకూరల మడికి పెట్టవద్దు.

ఆశ్లేషలో జనుము కోసి కలిపితే మఖ దాటేసరికి మురుగుతుంది. అప్పుడు ఆ నేలలో మూడో మడి, ఓపికుంటే నాలుగోది కట్టండి. ఉత్తరలో టమాట, వంగ, మిరప నారు నాటుకోవచ్చు, అందుకు నెల ముందే నారు పోసి ఉండాలి. హస్త, చిత్త కార్తెల్లో కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి విత్తండి. ధనియాలు విత్తే ముందు రెండు బద్దలయ్యేట్టు నలపటం మరవకండి, లేకుంటే మొలక ఆలస్యమై కలుపుదే పైచేయి అవుతుంది.